మిషనాసుపత్రి పురుళ్లు: ఆ చేతులు ఎవరివి?

మా అమ్మ 1944లో పుట్టింది. అంతకుముందు మా అమ్మమ్మకి రెండు కాన్పులు ఇంట్లోనే జరిగాయి. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. మూడోసారి నెలలు నిండేసరికి మా ముత్తాత ఇక ఎవరి మాటా వినకుండా గూడుబండి కట్టించి కూతుర్ని గుంటూరు మిషనాసుపత్రికి తీసుకెళ్లాడట. అడ్డం పడిన బిడ్డని డాక్టరమ్మ తిప్పి తీసింది. “రెండు రాత్రుళ్లు ఆ నర్సమ్మ నా నడుం పట్టుకుని కూచుంది. కన్నతల్లి కూడా అట్టా చెయ్యదు” అని అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది.

ఆ వెంటనే ఇంకో సంగతి కూడా చెప్పేది. ఇంటికి రాగానే వాళ్లమ్మ ఆమెనీ పసిబిడ్డనీ వాకిట్లోనే ఆపి, తలంటి పోసి, పసుపునీళ్లు చల్లి గానీ గడప దాటనివ్వలేదు. మూడేళ్ల తర్వాత ఆ నర్సమ్మ బంధువులింటికి వచ్చి, తను పురుడు పోసిన పిల్లని చూసిపోదామని మా ఇంటికి వచ్చిందట. అరుగు కిందే నిలబెట్టి మాట్లాడారు. ఎండన పడి వచ్చిందని మజ్జిగ ఇచ్చారు. గ్లాసులో కాదు, పైనుంచి దోసిట్లో పోశారు.

అమ్మమ్మ ఈ రెండు సంగతులూ ఒకే గొంతుతో చెప్పేది. చిన్నప్పుడు నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. చాలా ఏళ్ల తర్వాత, చదువుకుని ఉద్యోగంలో చేరాక, ఆ నర్సు పేరేమిటని అడిగాను. “పేరెందుకే, నర్సమ్మే” అంది అమ్మమ్మ.

పత్తి, మిరప పండే మా మైదానంలో గర్భిణీ స్త్రీల కోసం క్రైస్తవ మిషన్లు చేసిన పని గురించి చదవడం మొదలుపెట్టినప్పటినుంచీ నాకు ఆ మాటే గుర్తొస్తోంది. ఆ చరిత్రలో డాక్టర్ల పేర్లున్నాయి, దాతల పేర్లున్నాయి, కట్టడాల తేదీలున్నాయి. పురుడు పోసిన చేతుల పేర్లు మాత్రం లేవు.

మిషన్లు రాకముందు పురుళ్లు ఎవరు పోశారు? దీనికి మన భాషలోనే జవాబుంది. మంత్రసానితనం ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి అని సామెత. ఒప్పుకున్న పని ఎంత కష్టమైనా చెయ్యాల్సిందేనని చెప్పడానికి దాన్ని వాడతాం. ఒక్కసారి ఆగి ఆలోచిస్తే అది ఒక శ్రమకి సంబంధించిన పత్రం. ఆ పని ఎవరిదో, సమాజం దాన్ని ఏ దృష్టితో చూసేదో అందులోనే ఉంది. ఊరిని బట్టి మంగలి, మాల, మాదిగ కులాల స్త్రీలు మంత్రసానులుగా ఉండేవాళ్లు. బొడ్డు కోసేది వాళ్లే, మాయని పాతిపెట్టేది వాళ్లే, మైలబట్టలు ఉతికేది చాకలి స్త్రీ. కూలీగా చేటలో బియ్యం, పాతచీర. పురుడంటే మైల. ఆ మైలని మోయడానికి ఇంకొక కులం ఆడది కావాలి. అంటే అగ్రకులాల ఇంట పుట్టిన బిడ్డను భూమ్మీద మొట్టమొదట తాకినవి చాలాసార్లు అంటరాని చేతులే. పదకొండో రోజు పురిటిస్నానం అయ్యాక ఆ చేతులు మళ్లీ గడప అవతలే.

ఇది మనసులో పెట్టుకుని మిషన్ల కథలోకి వెళదాం.

అమెరికా లూథరన్ల తరఫున హేయర్ అనే పాదిరి 1842లో గుంటూరు వచ్చాడు. నలభై ఏళ్లపాటు ఆ మిషన్ బళ్లు పెట్టింది, సంఘాలు కట్టింది. స్త్రీలకు వైద్యం మాత్రం లేదు. 1883 నవంబరులో అన్నా సారా కుగ్లర్ గుంటూరులో దిగింది. పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో 1856లో పుట్టిన ఆమె, 1879లో అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో పట్టా తీసుకుంది. అప్పటికి గుంటూరు జిల్లా లేదు. 1859లో రద్దయిన ఆ జిల్లా మళ్లీ 1904లో గానీ ఏర్పడలేదు. గుంటూరు ఊరు కృష్ణాజిల్లాలో ఉండేది.

కుగ్లర్‌ని పంపింది లూథరన్ స్త్రీల మిషనరీ సంఘం. కానీ పంపింది డాక్టరుగా కాదు. ఆడపిల్లల బళ్లు చూసుకోవడం, ఘోషా స్త్రీల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పడం ఆమెకిచ్చిన పని. వైద్యం మీద ఖర్చుపెట్టడానికి ఆమె చర్చి అప్పటికి సిద్ధంగా లేదు. చేతిలో పట్టా ఉన్న ఆడమనిషిని ముందు పాఠాలు చెప్పుకోమనడం మనకి కొత్తేమీ కాదు. అయినా మొదటి ఏడాదిలోనే ఆమె 185 మందికి వాళ్ల ఇళ్లకే వెళ్లి, 276 మందికి తన బసలో వైద్యం చేసింది. చివరికి 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. 1893లో డిస్పెన్సరీ, 1898 జూన్ 23న 50 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. తర్వాత ఆ ఆసుపత్రి ఆమె పేరుతోనే కుగ్లర్ ఆసుపత్రి అయింది. 1930 జులైలో ఆమె గుంటూరులోనే చనిపోయింది. మధ్యలో సెలవుల మీద స్వదేశానికి వెళ్లిన కాలం పోగా, దాదాపు 47 ఏళ్ల జీవితం ఈ ఊరితోనే గడిచింది.

ఆ రోజుల్లో ఇలాంటి ప్రయత్నం ఒక్క గుంటూరులోనే జరగలేదు. 1875లోనే మద్రాసు వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకుంది. అక్కడ చదివిన మేరీ షార్లీబ్ 1885లో మద్రాసులో ఘోషా స్త్రీల ఆసుపత్రికి పునాది వేసింది. అదే ఏడాది వైస్రాయి భార్య పేరుతో డఫరిన్ నిధి ఏర్పడింది. రాయవేలూరులో ఐడా స్కడ్డర్ 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. మగడాక్టరుని లోపలికి రానివ్వనందువల్ల ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పుల్లో చనిపోయారనీ, అదే తనని వైద్యంవైపు తిప్పిందనీ ఆమె చెప్పిన సంగతి చాలామంది వినే ఉంటారు.

ఇలాంటి కథల్ని రెండు రకాలుగా చదవాలనిపిస్తుంది. స్త్రీలు నిజంగానే చనిపోయారు, అది అబద్ధం కాదు. కానీ ఆ కథలు అమెరికాలో చర్చి స్త్రీల సమావేశాల్లో చందాల కోసం చెప్పిన కథలు కూడా. నోరులేని, దిక్కులేని హిందూ స్త్రీ బొమ్మ ఎంత దీనంగా ఉంటే చందా అంత బాగా వచ్చేది. పెళ్లి చేసుకోకుండా, ఒక ఆసుపత్రిని తన చేతులమీదుగా నడిపే అవకాశం కుగ్లర్ వంటి స్త్రీకి సొంతదేశంలో అంత సులభంగా దొరికేది కాదు. అది ఇక్కడ దొరికింది. ఆమె స్వేచ్ఛకి మన స్త్రీల నిస్సహాయత ఆధారమయింది. ఈ మాట ఆమె చేసిన పనిని తక్కువ చెయ్యడానికి అనడం లేదు. అర్ధరాత్రి ఎడ్లబండిలో పల్లెకి వెళ్లి పురుడు పోసి రావడానికి సిద్ధాంతం ఒక్కటే చాలదు. కానీ ఒక స్త్రీ ఎదుగుదలకి ఇంకొక స్త్రీ వెనకబాటుతనం మెట్టుగా మారే పద్ధతి మన ఉద్యమాల్లో కూడా ఉంది కాబట్టి గుర్తుచేసుకోవడం అవసరం.

ఇంకొక సంగతి. ఈ తెల్లడాక్టరు కూడా మొదట్లో అగ్రకులాల ఇళ్లలో అంటరానిదే. గొడ్డుమాంసం తినే మ్లేచ్ఛురాలు ముట్టుకుంటే స్నానం చెయ్యాలి. ఆ గోడ మెల్లగా బీటలువారింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శుద్ధి కంటే ప్రాణమే ముఖ్యమనిపించింది. ఏలూరు జమీందారు, కవి అయిన మంత్రిప్రెగడ భుజంగరావు తన భార్యకు కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించాడు. రోగులతో వచ్చే బంధువులు అందులో ఉండేవాళ్లు. ప్రభుత్వం 1905లో ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది.

రాజుగారి సత్రం చరిత్రకెక్కింది. మరి పత్తిచేలో నొప్పులొచ్చిన కూలిమనిషి సంగతి?

దీనికి గుంటూరు నుంచి కొంచెం దక్షిణంగా, ఒంగోలు వైపు వెళ్లాలి. అక్కడ పనిచేసింది అమెరికా బాప్టిస్టులు. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చేనాటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ కొత్తమతం గురించి చెబుతున్నాడు. ఆయన భార్య నాగమ్మ ఆయనతోపాటు నిలబడింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ చరిత్రలు ఈ అంకెను గర్వంగా చెప్పుకుంటాయి. ఆ కాలవగట్టు మీద మట్టితట్టలు మోసినవాళ్లలో ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్లో, ఎంతమంది పచ్చి బాలింతలో ఏ అంకే చెప్పదు.

ఆ తర్వాత ఒంగోలులో క్లౌ పేరుతో, నెల్లూరులో స్త్రీల కోసం బాప్టిస్టు ఆసుపత్రులు వచ్చాయి. లూథరన్ల వైపు చీరాల, రెంటచింతలల్లో ఆసుపత్రులు వచ్చాయి. చీరాల ఆసుపత్రి డాక్టర్ మేరీ బేర్ పేరుతో ముడిపడి ఉంది. కానీ పేద గర్భిణీకీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దూరం మైళ్ల దూరం ఒక్కటే కాదు. ఒకపూట పని మానితే ఆ పూట కూడు లేదు. బండి కట్టించడానికి మా ముత్తాతకి ఎడ్లున్నాయి. మాలపల్లె, మాదిగపల్లె స్త్రీకి ఏమున్నాయి?

ఆ దూరాన్ని కొంతవరకైనా నడిచి దాటినవాళ్లు బైబిలు స్త్రీలు. ఎక్కువమంది వితంతువులు, పాదిర్ల భార్యలు. అక్షరం నేర్చుకుని, సంచిలో పుస్తకం పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ల పని సువార్త చెప్పడం. కానీ ఇంటి లోపలికి వెళ్లినవాళ్లకి కాళ్లు వాచిన చూలాలు కనిపిస్తుంది, మూడోరోజు జ్వరంతో కాలిపోతున్న బాలింత కనిపిస్తుంది. దొరసాని దగ్గరికి పోదాం పద అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాళ్లు వాళ్లే. ఈనాడు మనం ఆశా కార్యకర్త అంటున్న మనిషికి ఈ మైదానంలో ముత్తవ్వ ఆ బైబిలు స్త్రీ అని నాకనిపిస్తుంది.

ఇదంతా మతం మార్చడానికి వేసిన ఎర కాదా అని అడుగుతారు. మిషన్లు తమ ఉద్దేశాన్ని దాచుకోలేదు. మందు కోసం వరండాలో కూర్చున్నవాళ్లకి వాక్యం చదివి వినిపించేవాళ్లు. ఆ వైద్యం వాళ్ల దృష్టిలో దేవుని పనే. కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇంకొక ప్రశ్న కూడా అడగాలి. ఎరే అనుకుంటే, పంచమ స్త్రీ ప్రసవానికి ఇంకెవరైనా ఏ ఎరా వెయ్యకుండా ఎందుకు రాలేదు? ఆ పల్లెల స్త్రీలు తెలివితక్కువగా మోసపోయారనుకోవడం కూడా వాళ్లని అవమానించడమే. తమని ముట్టుకుని వైద్యం చేసేవాళ్లు ఎవరో, చెయ్యనివాళ్లు ఎవరో వాళ్లకి మనకంటే బాగా తెలుసు.

అసలు మార్పు జరిగింది నర్సుల దగ్గర. ఆసుపత్రికి డాక్టరమ్మ ఒకరో ఇద్దరో. రాత్రింబవళ్లు చూసేందుకు చేతులు కావాలి. మైలపని అని కులస్త్రీలు రాలేదు. మిషన్ బళ్లలో చదువుకున్న క్రైస్తవ ఆడపిల్లలు వచ్చారు. గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. అంటే మంత్రసానిగా ఊరి మైల మోసిన సమూహాల నుంచే తెల్లచీర కట్టిన నర్సు వచ్చింది. పని అదే, రక్తమూ మాయా అవే. కానీ ఇప్పుడు ఆ పనికి శిక్షణ ఉంది, సర్టిఫికెట్ ఉంది, చేటలో బియ్యానికి బదులు నెలజీతం ఉంది. ఈ మైదానంలో తమ చదువుతో నెలజీతం సంపాదించిన తొలితరం స్త్రీలలో ఈ దళిత క్రైస్తవ నర్సులు, పంతులమ్మలు ఉన్నారు. మన స్త్రీల చరిత్ర రాసేటప్పుడు సంస్కర్తల ఇళ్ల నుంచి మొదలుపెడతాం. మొదటి పట్టభద్రురాలు ఎవరు, మొదటి పత్రికా సంపాదకురాలు ఎవరు అని వెతుకుతాం. మొదటిసారి రాత్రి డ్యూటీకి వెళ్లిన ఆడపిల్ల ఎవరని వెతకలేదు.

దానికి వాళ్లు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. రాత్రిళ్లు ఇంటి బయట ఉండే ఆడదాని గురించి లోకం ఏమంటుందో మనకి తెలుసు. ఒంటిని తాకే పని చేసేది కాబట్టి ఆమె శీలం మీద ఎవరైనా నోరు పారేసుకోవచ్చు. మిషన్ కాంపౌండులో తెల్లడాక్టరు దొరసాని, నర్సు పిల్ల. అక్కడి మెట్లు వేరు, కానీ మెట్లే.

ఇంకొక నష్టం మంత్రసానికి జరిగింది. మిషన్ రాతల్లో, ప్రభుత్వ రాతల్లో ఆమె మురికి మనిషి, మూర్ఖురాలు, బాలింతల్ని చంపేది. కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చేది, అది నిజం. పసిబిడ్డలు పోయారు. మా అమ్మమ్మ ఇద్దరు బిడ్డలు కూడా అలాగే పోయారేమో. కానీ చూలాలి నడుం ఎలా రాయాలో, కూర్చోబెట్టి కాన్పు ఎలా చెయ్యాలో, భయపడే పిల్లకి ధైర్యం ఎలా చెప్పాలో కూడా ఆమెకే తెలుసు. 1926 మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చి రిజిస్టరులో పేరున్నవాళ్లకు గుర్తింపు ఇచ్చింది. అక్షరం రాని మంత్రసానికి ఆ రిజిస్టరులో చోటెక్కడిది? విచిత్రమేమిటంటే, నర్సు కూతురు రిజిస్టరెక్కితే మంత్రసాని తల్లి ఆ రిజిస్టరు బయట మిగిలిపోయింది. ఒకే పల్లెలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో జరిగి ఉండగల సంగతి ఇది.

ఇప్పుడేమయింది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కుగ్లర్ కాలంలో ఎవరూ ఊహించని అంకె ఇది. అదే సర్వే ప్రకారం 42.4 శాతం కాన్పులు కడుపు కోసి చేసినవే. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు కూడా దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే ఎక్కువ. ఒకప్పుడు ఆసుపత్రి అందక చనిపోయిన కూలిమనిషే, ఇప్పుడు ఆసుపత్రికి అందితే చాలు కోతకి లోనవుతోంది. నడుం పట్టుకుని రెండు రాత్రులు కూర్చునే ఓపిక ఏ బిల్లులోనూ ఉండదు. ఏటా కర్నూలు వైపు నుంచి సుగ్గికి వచ్చి, గుంటూరు చేలల్లో మిరపకాయలు కోసే స్త్రీలలో నెలలు నిండినవాళ్లూ ఉంటారు. సొంతూరి రిజిస్టరులో పేరుంటుంది, మనిషి ఇక్కడ పాకలో ఉంటుంది. టీకా, రక్తపరీక్ష, మందుబిళ్లలు ఊరూ ఊరికీ మధ్య జారిపోతుంటాయి. వెతుక్కుంటూ ఇంటికి వెళ్లడమనే పాతకాలపు పని అక్కడ ఇప్పటికీ అవసరమే.

ఆ పని మొదలుపెట్టిన సమూహానికి దేశం ఇచ్చిందేమిటో కూడా చెప్పుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డు కులాల కిందికి రారు. మన రాష్ట్రంలో వాళ్లు వెనకబడిన తరగతుల సి గ్రూపులో, ఒక్క శాతం కోటాలో ఉన్నారు. మతం మారితే కులం పోతుందని చట్టం నమ్మింది. తెల్లచీర కట్టుకుని, తను పురుడు పోసిన పిల్లని చూడటానికి వచ్చిన నర్సమ్మని మా అరుగు మాత్రం నమ్మలేదు. ఆమె కులం ఏమిటో మా వాళ్లకి చెప్పకుండానే తెలిసింది.

కుగ్లర్ తన ఆసుపత్రి చరిత్రను 1928లో పుస్తకంగా అచ్చు వేయించింది. ఆ ఆసుపత్రిలో, చీరాలలో, ఒంగోలులో పనిచేసిన నర్సులు తమ చరిత్ర తాము రాసుకోలేదు. 1960ల్లో, 70ల్లో అక్కడ శిక్షణ పొందిన స్త్రీలు కొందరు ఇంకా బతికే ఉన్నారు. రిటైరై, చర్చి పక్క వీధుల్లో, పిల్లల దగ్గర ఉన్నారు. మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీల అధ్యయన కేంద్రాలున్నాయి, మౌఖిక చరిత్ర సేకరించడం మనకి కొత్త కాదు. ఎన్ని పురుళ్లు పోశావమ్మా, మొదటి జీతం ఏం చేశావు, ఏ ఇంట్లోకి రానిచ్చారు, ఏ ఇంట్లోకి రానివ్వలేదు అని వెళ్లి అడగడానికి ఇంకా కొద్దికాలమే ఉంది.

మా అమ్మని మొదట పట్టుకున్న మనిషి పేరు నాకిక ఎప్పటికీ తెలియదు. అమ్మమ్మ పోయి చాలాకాలమైంది. బిడ్డనందుకున్న ఆ దోసిట్లోనే మూడేళ్ల తర్వాత మా ఇంటి మజ్జిగ పోశారన్న సంగతి మాత్రం తెలుసు. అది నేను రాయకపోతే మా ఇంట్లో ఇంకెవరూ రాయరు.